మూడో గంటలో తెలిసే పరిమళం

సెంట్ల కౌంటరు దగ్గర జరిగే తంతు మీకు తెలిసిందే. సన్నటి కాగితం ముక్క మీద ఒక్కసారి చల్లి, గాలిలో రెండుసార్లు ఊపి చేతికిస్తారు. ముక్కు దగ్గర పెట్టుకోగానే కమలాపండు తొక్క వలిచినట్టు గుప్పుమంటుంది. మొహం విప్పారుతుంది. బిల్లు వేయమంటాం. పట్టుచీర కొనాలంటే అంచు తిరగేసి, వాకిట్లో వెలుతురుకు తీసుకెళ్లి, నాలుగు కొట్లు తిరిగే మనుషులమే అయిదారు వేల సీసాను ఒక్క నిమిషంలో తేల్చేస్తాం.

ఆ నిమిషం నిమ్మజాతి పండ్లది. సాయంత్రం దాకా ఒంటి మీద ఉండబోయే వాసన అప్పటికింకా లేవనే లేదు. అందుకే ఈ అధ్యాయానికి ఒకే రకం పెర్ఫ్యూమ్‌ను ఎంచుకున్నాను. పైన నిమ్మ, కమలా, అడుగున చెట్ల బంక, రెండూ కలిసి సముద్రపు ఒడ్డును తలపించాలని చేసే రకం అది. తొందరగా తేల్చేసే అలవాటున్నవాళ్లను అది హాయిగా బోల్తా కొట్టిస్తుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి సాధన చేయాలన్నా అదే పనికొస్తుంది.

ముందు పండ్ల సంగతి. నిమ్మ, కమలా తొక్కల్లో చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి. తొక్క వంచితే చిమ్మేది ఆ నూనే. అందులో ఎక్కువ భాగం లిమోనీన్ అనే తేలికైన పదార్థం. ఒంటి వేడి చాలు, అది ఎగిరిపోవడానికి. చర్మం మీద పావుగంటో, మహా అయితే అరగంటో దాని జోరు. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లకు మూడు వందల ఏళ్లుగా ఇదే తలనొప్పి. జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడిన ఇటలీవాడు యోహాన్ మరియా ఫరీనా పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలో నిమ్మజాతి నూనెలతో ఒక పరిమళజలం చేసి, తనను చేరదీసిన ఊరి పేరే దానికి పెట్టాడు. 1709లో మొదలైన ఆ కుటుంబ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. మన ఇళ్లలో జ్వరమొస్తే నుదుటి మీద గుడ్డ తడిపి వేసిన ఓడికొలోన్ ఆ వంశానిదే. నుదుటి మీద చల్లగా తగిలి, కాసేపటికే వాసన మాయమయ్యేది గుర్తుందా? అది నకిలీ సరుకు కాదు, దాని స్వభావమే అంత.

నిమ్మజాతిలో రారాజు బెర్గమాట్. ఇటలీ బూటు ఆకారంలో ఉంటుందంటారే, ఆ బూటు బొటనవేలి దగ్గర కలాబ్రియా అనే ప్రాంతం. అక్కడ రెజ్జో కలాబ్రియా చుట్టుపక్కల సముద్రాన్ని ఆనుకుని ఉన్న సన్నటి నేలలోనే ప్రపంచపు బెర్గమాట్‌లో అత్యధిక భాగం పండుతుంది. పులుపూ చేదూ కలిసిన కాయ, ఒలుచుకుని తినేది కాదు. చలికాలంలో కోస్తారు. వెనకటికి తొక్కను స్పాంజికి అదిమి, స్పాంజి పీల్చిన నూనెను గిన్నెలోకి పిండేవారు. ఎర్ల్ గ్రే టీ తాగి ఉంటే ఆ వాసన మీరు ఎరిగిందే. నిమ్మలోని చురుకుతో పాటు కాస్త పూల మెత్తదనం కూడా ఉంటుంది దానికి.

ఇక బంక. ఈ పెర్ఫ్యూమ్ అసలు బలం ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మధ్యధరా సముద్రపు తీరాల్లో, రాళ్ల గుట్టల మీద సిస్టస్ అనే పొద పెరుగుతుంది. ఎండలు ముదిరితే దాని ఆకులు, రెమ్మలు జిగురు కారుస్తాయి. దాన్ని లాబ్డనమ్ అంటారు. మేకలు ఆ పొదల్లో మేసి వస్తే గడ్డాలకు జిగురు అంటుకునేది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో హెరోడోటస్ కూడా మేకల గడ్డాల నుంచి తీసే ఈ పరిమళద్రవ్యం గురించి రాశాడు. క్రీట్ ద్వీపంలో తోలు పట్టీలు కట్టిన దంతెలతో మండుటెండలో పొదలను రుద్ది, పట్టీలకు అంటిన జిగురును గీకి తీసేవారు. వాసన ఎలా ఉంటుందంటారా? ఎండకు కాగిన తోలు, దాని వెనక పాకం లాంటి తీపి, ఇంకా వెనక ధూపం. తీరం వెంబడి నడిచేవాళ్లకు సముద్రపు గాలితో పాటు తగిలేది ఈ పొదల వాసనే. ఒక్క చుక్క నీరు కలపకుండానే ఈ బంక మధ్యధరా ఒడ్డును గుర్తుచేయడానికి కారణం అదే.

గ్రీసుకు చెందిన కియోస్ ద్వీపపు దక్షిణ గ్రామాల్లో మాస్టిక్ అనే మరో బంక తీస్తారు. అది చల్లగా, దేవదారు చెక్కలా ఉంటుంది. ఆ సాగు పరిజ్ఞానానికి 2014లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఒమన్‌లోని దోఫార్ కొండల ధూపపు బంక ప్రపంచ ప్రసిద్ధం. దాని దగ్గరి చుట్టం మన పొడి అడవుల్లోనే ఉంది, అందుగు చెట్టు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే ఎలెమీ అయితే మరీ చిత్రం. చెట్టు కాండం నుంచి కారిన బంకే అయినా, మూత తీస్తే నిమ్మతొక్క, మిరియం కలిసిన వాసన. కారణం సులువు. ఎలెమీ నూనెలో కూడా పెద్ద భాగం లిమోనీనే.

ఈ చిన్న విషయం తెలిస్తే మంచి సరుకును పట్టుకోవడం తేలికవుతుంది. నాసిరకం పెర్ఫ్యూమ్‌లో నిమ్మ ఒక ముక్క, బంక ఒక ముక్క. మొదటిది అయిపోగానే మధ్యలో ఏమీ లేని ఖాళీ, ఆ తర్వాత ఉన్నట్టుండి తీపి బరువు. పనివాడు చేసినదానిలో ఎలెమీ లాంటివి మధ్యలో నిలబడి పులుపును బంక చేతికి అప్పగిస్తాయి. నిమ్మ ఎప్పుడు వెళ్లిపోయిందో చెప్పలేరు. అతుకు కనబడుతోందా లేదా అన్నది ఒక్కటే నేనైతే చూసేది. సీసా అందం, ప్రకటనలోని సినిమా నటుడు, వీటికి నేను మార్కులు వేయను.

మరి సముద్రం ఎక్కడినుంచి వస్తుంది? ఉప్పు అనకండి. ఉప్పుకు వాసన లేదు, కావాలంటే వంటింట్లో డబ్బా మూత తీసి చూడండి. ఒడ్డున మనకు తగిలే వాసనలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. సముద్రంలోని సూక్ష్మజీవుల పుణ్యమా అని పుడుతుంది. కాస్తంత ఉంటే సముద్రం, మోతాదు మించితే ఉడికిన క్యాబేజీ. దానికి నాచు, తడి ఇసుక, ఎండుతున్న వలలు, చేపలు కలుస్తాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున నిలబడితే అసలు సముద్రపు వాసనేమిటో తెలుస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు సీసాలో పోస్తే కొనేవాడుండడు. కాబట్టి సీసాలో ఉండే సముద్రం ఎప్పుడూ ఊహే.

ఆ ఊహకు రెండు దారులున్నాయి. ఒకటి కాలోన్ అనే కృత్రిమ పదార్థం. ఫైజర్ మందుల కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు 1966లో కనిపెట్టారు. పుచ్చకాయ, సముద్రపు గాలి కలిసినట్టుంటుంది. 1990ల్లో ప్రపంచమంతా ఈ నీటి వాసన వెంట పడింది. 1996లో వచ్చిన ఆక్వా ది జియో అనే సెంటు ఆ గాలిలోనిదే. ఇవాళ మన దగ్గర షాంపూ, షేవింగ్ లోషన్, కారులో వేలాడదీసే డబ్బా దాకా ఆ ధోరణి దిగివచ్చింది. అది చెడ్డదని అనను. కానీ అది కడిగిన బాత్రూమ్‌ను గుర్తుచేస్తే తప్పు మీ ముక్కుది కాదు.

రెండో దారి నీటిని వదిలేసి ఒడ్డును పట్టుకోవడం. ఎండకు ఎండిన చెక్క, పొదల జిగురు, పండు తొక్క, అంబర్‌గ్రిస్‌ను తలపించే వెచ్చటి ఉప్పదనం. 2004లో హెర్మెస్ తెచ్చిన ఓ దే మెర్వెయ్ దీనికి మంచి ఉదాహరణ. రాల్ఫ్ ష్వీగర్, నతాలీ ఫైస్తావెర్ కలిసి చేశారు. ఆడవాళ్ల కోసం అమ్మే సెంటులో పువ్వుల ఊసే లేకుండా కమలా, ఎలెమీ, సాంబ్రాణి జాతి బంక, చెక్కలు, అంబర్‌గ్రిస్ ఊహ పెట్టారు. కొన్నా కొనకపోయినా ఎక్కడైనా దొరికితే ఒకసారి చేతిమీద వేయించుకోండి. మొదట కమలా, కాసేపటికి మిరియం, ఆ తర్వాత ఎండలో ఆరిన చర్మం మీది ఉప్పు. పుచ్చకాయ దారికీ దీనికీ ఎంత దూరమో తెలుస్తుంది.

అంబర్‌గ్రిస్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థమిది. పేపర్లలో తిమింగలం వాంతి అని రాస్తుంటారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. తీరంలో దొరికిందనీ, కోట్లు పలుకుతుందనీ ఎవరైనా మీ చెవిలో ఊదితే దూరంగా జరగండి. పెర్ఫ్యూమ్‌లలో దాని బదులు ఇవాళ వాడేది చాలావరకు అంబ్రోక్సాన్. దాన్ని క్లారీ సేజ్ అనే మొక్కలోని పదార్థం నుంచి కూడా తయారుచేస్తారు.

ఇప్పుడు సాధన. షాపుకు వెళ్లకముందే ఇంట్లో చేయాల్సింది ఇది. ఒక నిమ్మకాయ, ఒక బత్తాయి, ఒక కమలా తెచ్చుకోండి, దొరికితే దబ్బకాయ కూడా. కళ్లు మూసుకుని ఒక్కో తొక్కను వంచి ముక్కు దగ్గర చిమ్మనివ్వండి. నాలుగూ పులుపే కదా అనిపిస్తుంది మొదట. రెండో రోజుకు తేడాలు బయటపడతాయి. నిమ్మ కోసినట్టుంటుంది, కమలాలో తీపి ముందుకొస్తుంది, బత్తాయిలో పచ్చి ఆకు చల్లదనం, దబ్బకాయలో కాస్త చేదు. గూడూరు నిమ్మ మార్కెట్ వ్యాపారికి ఇది నవ్వులాటగా ఉండొచ్చు, పట్నంలో పెరిగిన ముక్కుకు మాత్రం అక్షరాభ్యాసమే.

తర్వాత గడ్డ సాంబ్రాణి తెండి. కప్పుల్లో వచ్చేది వద్దు, అందులో బొగ్గుపొడీ ఇంకేవేవో కలిసి ఉంటాయి. నిప్పుల మీద వేయకండి. నిప్పు మీద వచ్చేది పొగ వాసన, మనకు కావలసింది బంక వాసన. మరిగిన నీళ్ల గిన్నె మీద స్టీలు మూత బోర్లించి, దాని మీద గడ్డ పెట్టండి. వేడెక్కేకొద్దీ మెల్లగా తీపి లేస్తుంది. ఇప్పుడు పక్కన ఒక కమలా తొక్క వంచండి. ఈ అధ్యాయంలో మాట్లాడుకుంటున్న పెర్ఫ్యూమ్ తాలూకు అస్థిపంజరం మీ ముందుంది.

ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. షరతు ఒక్కటే. బాగుంది, బాగోలేదు అనే రెండు మాటలు అందులో రాయకూడదు. కొత్త చెప్పుల పెట్టె, తాతగారి బీరువా, వాన వెలిసిన తాటిమట్టల పందిరి, ఇలా ఏదైనా రాయండి, మీకు తప్ప ఎవరికీ అర్థం కాకపోయినా సరే. నచ్చడం నచ్చకపోవడం చెప్పేశాక మనసు ఇంక చూడటం మానేస్తుంది. ఆ రెండు మాటలనూ ఆపితే ముక్కు పని చేస్తూనే ఉంటుంది. ఇంటర్వ్యూలు చేసేవాళ్లు, పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు ఈ షరతును తమ పనిలో కూడా పెట్టుకుని చూడొచ్చు.

ఇక షాపు. ఉదయం వెళ్లండి, ఒంటికి ఏ వాసనా రాసుకోకుండా, భోజనం చేసిన వెంటనే కాకుండా. కాగితం మీద ఎన్ని చూసినా చర్మం మీద రెండే, ఒక్కో ముంజేతికి ఒకటి. మణికట్లు రుద్దుకోకండి, రాపిడి వేడికి పైవాసన ఇంకా త్వరగా పోతుంది. మధ్యలో కాఫీ గింజల గిన్నె చూపిస్తారు. అది షాపు మర్యాద, కాదనక్కర్లేదు, కానీ మీ మోచేతి మడత వాసన చూసుకున్నా అంతే ఫలితం. కష్టమైన ఘట్టం ఆ తర్వాత వస్తుంది. ఇవాళే ఆఫర్ ఉందనీ, ఒక్క పీసే మిగిలిందనీ చెబుతారు. మొహమాటస్తులకు చెమట పట్టేది ఇక్కడే. ముందే ఇంట్లో అద్దం ముందు అనుకుని వెళ్లండి: "చేతి మీద వేసుకుని వెళ్తానండీ, సాయంత్రానికి నచ్చితే వచ్చి తీసుకుంటాను." నవ్వుతూ ఒక్కసారే చెప్పాలి. సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడితే ఆ మాట పలచబడుతుంది.

బయటికొచ్చాక మర్చిపోండి. పావుగంట అయ్యాక ఒకసారి, అరగంట అయ్యాక ఒకసారి చూసుకుంటే చాలు. అసలు పరీక్ష మూడో గంటలో. అప్పటికి నిమ్మ లేదు, షాపు ఏసీ లేదు, అమ్మేవాళ్ల మాటలు లేవు. మీ చర్మం, దాని మీద బంక. అది మీకు ఇష్టమా? దానితో బస్సులో, ఆఫీసులో, పడుకునే మంచం మీద ఉండగలరా? ఏ వాసనా తెలియకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. రెండు కారణాలుండొచ్చు. తన ఒంటి మీది వాసనకు ముక్కు కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది. పైగా కొందరికి కొన్ని బరువైన పదార్థాలు, ముఖ్యంగా కస్తూరి రకాలు, అసలు తెలియనే తెలియవు. ఈ సంగతి ఎరగక మళ్లీ మళ్లీ చల్లుకునేవాళ్లే లిఫ్టులో పక్కవాళ్ల తలనొప్పికి కారకులు.

మన వాతావరణంలో వాడకం యూరప్ పుస్తకాల్లో రాసినట్టు కుదరదు. విజయవాడ మే నెలలో నిమ్మ అరగంట కూడా నిలవదు. అదే వేడికి లాబ్డనమ్ మాత్రం జిగటగా, బరువుగా పైకి తన్నుకొస్తుంది. ఎండాకాలం రెండు చల్లులు చాలు, అవీ మెడ వెనకో, చొక్కా లోపలి వైపో. నూలు బట్ట మీద నిమ్మ కాస్త ఎక్కువసేపు ఉంటుంది. అయితే బంకలకు రంగుంటుంది, తెల్ల లాల్చీ మీద గోధుమరంగు మరక పడొచ్చు. ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించండి. పట్టు మీద అసలు వద్దు. నా మటుకు నాకు ఈ రకం అందం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, సాయంత్రాలు. తీరప్రాంతాల్లో ఏడాది పొడవునా సరిపోతుంది, గాలిలో తేమ దానికి తోడు.

ఎండ విషయంలో మరో జాగ్రత్త. బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నల్లటి చారలు తేలతాయి. ఇప్పుడు పేరున్న కంపెనీలు ఆ పదార్థాన్ని తీసేసిన నూనెనో, పరిమితంగానో వాడతాయి. ఇంట్లో నూనెలు కొని సొంతంగా కలుపుకునేవాళ్లకు ఆ రక్షణ ఉండదు. ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లమనే చిట్కాలు కూడా ఇదే కోవలోవి, దయచేసి పాటించకండి.

అయిదారు వేలు ఎందుకు, వందల్లో ఈ అనుభవం రాదా అంటే వస్తుంది. హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో అంబర్ అని అడగండి. పేరు చూసి కంగారు పడొద్దు, సాధారణంగా అది తిమింగలానిది కాదు, లాబ్డనమ్, లోబాన్ లాంటి బంకల తీపి కలయిక. అగ్గిపుల్ల కొసకు అంటినంత అత్తరు మణికట్టుకు రాసి, అయిదు నిమిషాలాగి పైన మామూలు కొలోన్ చల్లండి. కింద బంక, పైన నిమ్మ. కొలోన్ ఎగిరిపోతే మధ్యాహ్నం మళ్లీ చల్లుకోవచ్చు, అంబర్ సాయంత్రం దాకా కదలదు. రెంటికీ నడుమ ఎలెమీ చేసే పని ఇందులో ఎవరూ చేయరు కనుక అతుకు కనబడుతుంది. అయినా ఈ ధరకు అది నేర్పేది ఎక్కువ.

ఇంతా చేసి కొన్న సీసాను బాత్రూమ్ అద్దం ముందో, కారు డ్యాష్‌బోర్డు మీదో పెట్టకండి. వేడి, వెలుతురు, గాలి, ఈ మూడింటికీ ముందు చెడేది లిమోనీనే. గాలి తగిలి పాతబడ్డ లిమోనీన్ కొందరి చర్మానికి పడదు కూడా. బీరువాలో బట్టల వెనక, అది వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచండి. ఈ రకంలో పెద్ద సీసా కంటే చిన్నది కొనడం లాభం. మొదటి వాసనలో వార్నిష్ ఘాటు మొదలైతే పైభాగం పోయిందన్నమాట. పారబోయనక్కర్లేదు, అడుగున ఉన్న బంక చాలా కాలం నిలుస్తుంది. చర్మానికి మానేసి శాలువా కొసకో, పుస్తకాల బీరువాలో దూది ఉండకో చల్లుకోండి. దేవుడి గదిలో దీపం దగ్గర మాత్రం చల్లొద్దు, సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే.